గుక్కెడు టీకి నాలుగంతస్తులు

సల్కిన్ ఎజె చేతి టీ తాగాలంటే ముందు నాలుగంతస్తుల మెట్లు పరుగెత్తి ఎక్కి దిగాలి. కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లో, సాగునీటి కాలువల ఆఫీసులో లెక్కలు చూసేదామె. వయసులో అందరికీ అక్క కనుక అందరూ ఎజె అనేవాళ్ళు. టీకి నీళ్ళు కాచే సమోవార్ ఆమె బల్ల పక్కనే ఉండేది, దాని కాపలా కూడా ఆమెదే.

పోసినప్పుడు చిన్న టీ గిన్నెలో గుక్కెడే పోసేది. అది పిసినారితనం కాదు, అక్కడి మర్యాద. గిన్నె నిండా పోస్తే "తాగేసి ఇక దయచెయ్యి" అన్నట్టు. ఎజె ఈ మర్యాదనే శిక్షగా మార్చేసింది. గుక్కకో పరుగు. తాపీగా నడిచొచ్చినవాణ్ణి మొహం చూసి పట్టేసేది.

"చెమటేదీ?"

"ఆరిపోయింది ఎజె."

"అయితే మళ్ళీ పట్టించుకురా."

డైరెక్టర్ కచ్కిన్‌బాయ్ ఒకసారి పొట్ట నిమురుకుంటూ, "నేను డైరెక్టర్ని ఎజె," అని గుర్తుచేశాడు.

"ఆ సంగతి నీ గుండెకి తెలీదు నాయనా. పద."

అందరికన్నా ఎక్కువ సణిగేవాడు కాలువల పటాలు గీసే జోల్దోష్. పగలంతా కుర్చీ దిగని మనిషి. వసంతంలో డాక్టరు పరీక్షలన్నీ చేసి, రోజుకి కొన్నిసార్లు, ఒక్కో నిమిషమైనా సరే, రొప్పు వచ్చేలా ఒళ్ళు వంచకపోతే ఈ ఏడాది కొండలకి వెళ్ళనివ్వనన్నాడు. ఏటా వేసవిలో కొండ కాలువలు కొలవడానికి వెళ్ళడమే జోల్దోష్‌కి పండగ. అది పోతే ఇక బతుకంతా కుర్చీయే. అయినా సంగతి ఆఫీసులో పొక్కనివ్వలేదు. నలుగురూ చూస్తుండగా ఒక్కడే గంతులెయ్యాలంటే సిగ్గు. ఇంతలో ఎజెకి ఈ పిచ్చి పట్టుకుంది, అతను తిట్టుకుంటూనే పరుగెత్తాడు.

ఒకరోజు అతనే నాయకుడై అందరికోసం కరెంటు కెటిల్ తెచ్చిపెట్టాడు. ఎజె లేచి వచ్చింది. ఆ కెటిల్లోంచే అందరి గిన్నెలూ అంచుదాకా నింపి, చేతికందించి, వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. అంతమంది పెద్దవాళ్ళూ గిన్నెలు పట్టుకుని, ఇంట్లోంచి గెంటేసినట్టు నిలబడిపోయారు. ఒక్కరూ పెదవి తడపలేదు. చివరికి డైరెక్టరే కోటు విప్పి మెట్లవైపు నడిచాడు.

"పరుగు," అంది ఎజె.

వేసవి మొదట్లో డాక్టరు గుండె చూసి, కొండలకి వెళ్ళొచ్చన్నాడు. జోల్దోష్ ఎగురుకుంటూ ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు.

"ముందు ఎజెకి చెప్పు," అని నోరు జారింది నుర్జమాల్.

"ఆవిడకేం సంబంధం?"

"నేనే వెళ్ళి ఏడ్చాను. ఒక్కడివే అయితే సిగ్గుతో చస్తావన్నాను. అయితే అందర్నీ పరుగెత్తిస్తాలే అంది."

మర్నాడు జోల్దోష్ ఎజె బల్ల ముందు నిలబడ్డాడు. "నా ఒక్కడి కోసం ఇంతమందిని..."

"నీకొక్కడికే పెళ్ళాం ఉందనుకున్నావా? నీ భార్యకన్నా ముందు డైరెక్టర్ భార్య వచ్చి ఏడ్చింది. ఆయనకి చెప్పావంటే చూడు."

అవతల మెట్ల మీద కచ్కిన్‌బాయ్ రొప్పుతూ, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూసుకుంటూ ఎక్కుతున్నాడు. జోల్దోష్ పరుగున వెళ్ళి పక్కన చేరాడు.

"ఈ ముసలిదానికి మనమే దొరికామా, కచ్కిన్‌బాయ్ అన్నా," అంటూ ఎజెకి వినబడేలా, ఎన్నడూ లేనంత ప్రేమగా తిట్టిపోశాడు.

డైరెక్టర్ మొహం విప్పారింది. "నాకూ అదే అర్థం కాదయ్యా," అంటూ వేగం పెంచాడు.