కోట సర్దారు కత్తి మొన

1969 వేసవిలో మా నాటక కంపెనీ వికారాబాద్‌లో మకాం వేసినప్పుడు, యజమాని రాఘవులు వేషాల పెట్టె తాళంచెవి నా చేతికిచ్చాడు. అప్పటిదాకా ఆ పని మా అత్త చేసేది. చూపు మందగించి, సూదిలో దారం ఎక్కక, నాకు ఒప్పజెప్పింది. నేను పెద్దేముల్ బడిలో మూడో తరగతి దాకా చదివాను, అంతే. మా నాయన బట్టలు కుట్టేవాడు కాబట్టి కొలతలూ కత్తెరా పుస్తకం లేకుండానే వచ్చాయి. నా పెనిమిటి అదే కంపెనీలో తబలా వాయించేవాడు. పంతొమ్మిదేళ్లు ఆ పెట్టె నా చేతి కింద ఉంది.

ఈ సంగతి ఇప్పుడు చెప్పడానికి కారణం మా బిడ్డ కూతురు. అది కంప్యూటర్‌లో ఆడే ఆటలో ఒక సర్దారున్నాడు. ఒళ్లంతా తుప్పు పట్టిన ఇనుప తొడుగు, ముఖం కనపడని టోపీ. కాపాడతానని మాటిచ్చిన రాణిని కాపాడలేకపోయాడట. ఆ పాపం మోసుకుంటూ పాడుబడ్డ కోటల్లో తిరుగుతుంటాడు.

"వీడెందుకే గిట్ల తల దించుకొని నడుస్తున్నడు?" అని అడిగాను.

"తప్పు చేసిండు గద అమ్మమ్మా, గందుకే" అంది.

ఎవరి తప్పో ఎవరైనా విచారించారా అంటే నవ్వింది. ఆటలో అవన్నీ ఉండవట. మా కంపెనీలో ఇలాంటి సర్దారు నిజంగానే ఒకడుండేవాడు. అతని విషయంలోనూ ఎవరూ విచారించలేదు.

ముందు మా పని పద్ధతి చెప్పాలి. కంపెనీలో అందరికన్నా పైన యజమాని. తర్వాత హార్మోనియం మాస్టరు, ఆ తర్వాత రాజు వేషాలు, ఆడ వేషాలు, హాస్యగాడు. పెట్టె మనిషి వీళ్లందరికీ కింద, పరదాలు లాగేవాళ్లకు పైన. జీతంలో అంతే గానీ, మాటలో మాత్రం పెట్టె మనిషి పెద్దది. ఎంత గొప్ప నటుడైనా కిరీటమూ కత్తీ ఆమె చేతి నుంచే అందుకోవాలి. తానుగా పెట్టె మూత ఎత్తకూడదు.

ఇంకో కట్టుబాటు ఉండేది. ముఖానికి రంగు వేసుకున్నవాడు పరదా పడకముందే ఆట వదిలి దిగిపోతే, ఇక ఆ కంపెనీలో అతనికి రంగు లేదు. దీనికి ఒక్కటే మినహాయింపు. పందిరి కూలినా, దీపం పేలినా, కంపెనీ సామాను వల్ల దిగాల్సి వస్తే ఆ తప్పు నటుడిది కాదు.

మా కత్తులు టేకు పట్టీతో చేసినవి. నూనె డబ్బాల రేకు కత్తిరించి, పట్టీకి చుట్టూ మలిచి, చిన్న మేకులు కొట్టేవాళ్లం. రేకు అంచు మొన దగ్గర లోపలికి మడిచి, దాని మీద జానెడు గుడ్డను పిండి జిగురుతో చుట్టి, పైన వెండి కాగితం అంటించాలి. మూడు ఆటలకొకసారి ఆ గుడ్డ విప్పి కొత్తది చుట్టాలి. ఇది పెట్టె మనిషి పని. ఇంకెవరూ చూడరు, చూడాల్సిన అవసరమూ లేదు.

1974లో మళ్లీ వికారాబాద్ మకాం. అప్పటి మా మొదటి నటుడు ఖాసిం. సన్నటి మనిషి, గొంతు మాత్రం బజారు ఆ చివరిదాకా వినిపించేది. ఇంట్లో దక్కనీ, పరదా ముందు పండితుడి తెలుగు. ఆ రోజు కత్తియుద్ధంలో ఎదుటివాడు వెంకటి, రాఘవులు తమ్ముడు. నాలుగో దెబ్బకు వెంకటి కనుబొమ్మ పైన చీరుకుపోయి రక్తం కారింది. వేలెడు కిందికి దిగితే కన్ను పోయేది. ఖాసిం ఆ రక్తం చూశాడు. చేతిలో కత్తి కింద పడేశాడు. రంగు ముఖంతోనే వేదిక దిగి, జనం మధ్య నుంచి స్టేషన్ వైపు పరుగెత్తాడు. జనం గోల చేశారు. ఆట ఆగిపోయింది.

ఆ గందరగోళంలో కత్తి తీసింది నేను. మొన దగ్గర గుడ్డ తెగి ఉంది, రేకు అంచు బయటికి లేచి ఉంది. అది మూడు ఆటలు అయిపోయిన గుడ్డ. నాలుగోది ఆడుతుందిలే, ఇవాళ్టికి జానెడు గుడ్డ మిగులుతుంది అని పొద్దున నేను అనుకున్న గుడ్డ. ఎవరూ చూడకముందే కొత్తది చుట్టేశాను.

రెండో రోజు ఖాసిం తిరిగి వచ్చి రాఘవులు ముందు నిలబడ్డాడు. తన చెయ్యి తప్పింది, ఏ శిక్ష వేసినా సరే అన్నాడు. కట్టుబాటు ప్రకారం రంగు పోయింది. పరదాలు లాగే పనిలో పెట్టారు. నేను అక్కడే కిరీటాలు తుడుస్తూ ఉన్నాను. నోరు తెరవలేదు. తాళంచెవి పోతే ముగ్గురు పిల్లల్ని ఒక్క తబలా మీద సాకలేం అనుకున్నాను. తర్వాత చెబుదాంలే అని కూడా అనుకున్నాను. ఆ తర్వాత అనేది రాలేదు.

ఆరేళ్లు ఖాసిం పరదాలు లాగాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఒక్కటి మాత్రం చేసేవాడు. ప్రతి ఆటకు ముందు, నేను కత్తులు వరసగా పరిచాక, వచ్చి ఒక్కో మొన మీద బొటనవేలు ఆనించి చూసేవాడు. అది అతని పని కాదు. ఎవరూ చెప్పలేదు. నేను ఎదురుగా కూర్చుని కుట్టుకుంటూనే ఉండేదాన్ని. వెంకటి గాయం మానింది. మచ్చ చూపించి, "నా నొసలు మీద ఖాసిం సంతకం పెట్టిండు" అని అందరినీ నవ్వించేవాడు. ఖాసిం నవ్వేవాడు కాదు.

1980లో తాండూరు మకాం. హార్మోనియం మాస్టరు 'కోట సర్దారు' అని కొత్త నాటకం కట్టాడు. కోట తలుపు కావలి సర్దారు ఒకడు కునుకు తీస్తాడు, శత్రువు జొరబడి రాజును చంపుతాడు. ఆ రోజు నుంచి సర్దారు ఒంటి మీది కవచం విప్పకుండా, ముఖం చూపకుండా ఊళ్లు తిరుగుతాడు. ఆఖరి అంకంలో ఇంకో కోట తలుపు ముందు ఒంటరిగా నిలబడి శత్రువును ఆపుతాడు. శత్రువు వేషం వెంకటిది. సర్దారు వేషానికి గుల్బర్గా వైపు నుంచి ఒక భారీ మనిషిని తెచ్చారు.

ఆ కవచం కుట్టడంలో రాఘవులుకూ నాకూ పెద్ద తగాదా అయింది. కొత్త రేకుకు జాజు, అదే ఎర్రమట్టి, పూసి తుప్పులాగా చెయ్యమన్నాడు. తళతళలాడే రేకును చేతులారా పాడు చెయ్యడం నా వల్ల కాలేదు. "జర తుప్పు పెట్టవే తల్లీ, పెండ్లికొడుకును చేస్తున్నవా వాన్ని?" అని మొత్తుకున్నాడు. చివరికి పెట్టాను. దీపం మసి, నూనె, జాజు కలిపి మూడు పూతలు.

మొదటి రెండు ఆటలు ఆడాయి. మూడో రోజు పొద్దున గుల్బర్గా నటుడి కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లు. అతన్ని రైలెక్కించారు. తాండూరులో కరెంటు నమ్మకం లేక మేము సాయంత్రం అయిదింటికే ఆట మొదలుపెట్టేవాళ్లం. ఆ రోజు రాతి గనుల కూలీలకు సెలవు. బషీరాబాద్ నుంచి కన్నడం మాట్లాడే రైతులు బండ్లు కట్టుకుని బయలుదేరారని కబురు వచ్చింది. సర్దారు లేడు.

మధ్యాహ్నం అందరం పందిట్లో కూర్చున్నాం. వెంకటి అన్నాడు: "పరదా దగ్గరున్నడు గద ఒక సర్దారు. వానికి రాని ముక్క లేదు." నిజమే. పరదా లాగేవాడికి ప్రతి అంకంలో ఆఖరి మాట నోటికి రావాలి. ఖాసింకు మొత్తం నాటకం వచ్చు.

రాఘవులు తల అడ్డంగా ఊపాడు. "ఆడు దిగినోడు. కట్టుబాటు నేనే తప్పితే రేపు ఎవడు నిలబడ్తడు?"

ఖాసిం తాడు చుట్ట చుడుతూ, "నాక్కూడ వద్దు సేట్. నా చెయ్యి మంచిది కాదు" అన్నాడు.

ఆ మాట నేను ఆరేళ్లు వినకుండా తప్పించుకున్నాను. ఇప్పుడు నలుగురిలో వినాల్సి వచ్చింది. లేచి పెట్టె అడుగు నుంచి పొగాకు డబ్బా తీశాను. నేను ఏ పేలికా పారెయ్యను, అది అందరికీ తెలిసిందే. డబ్బాలో ఆ రోజు వికారాబాద్‌లో కత్తి మొన నుంచి విప్పిన గుడ్డ ఉంది. చీరిక అలాగే ఉంది, వెంకటి రక్తం గోధుమరంగుకు తిరిగి ఉంది.

"సేట్, ఆయన చెయ్యి తప్పలే. మొన తప్పింది. మొన నాది. మూడు ఆటలు అయినంక గుడ్డ మార్చలే నేను. రేకు లేచింది. దాచిపెట్టిన."

రాఘవులు గుడ్డ అటూ ఇటూ తిప్పి చూశాడు. "లచ్చమ్మా, ఆరేండ్లే! ఆరేండ్లు పెట్టెల పెట్టుకొని కూసున్నవా?" అన్నాడు. నేను అవునన్నాను. వెంకటి గుడ్డ లాక్కుని నొసటికి ఆనించుకున్నాడు. "సరిగ్గ సరిపోయింది గదనే అక్కా! సంతకం ఒక్కనిదే అనుకున్న, మీరిద్దరు కూడి పెట్టిన్రన్నమాట."

ఖాసిం మాత్రం నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "రోజు నేను మొన చూస్తుంటే నువ్వు చూసినవా అక్కా?"

"చూసిన."

"ఏమనిపియ్యలేదా?"

"అనిపిచ్చింది. చెప్పలే."

అతని దవడ బిగిసింది. కొడతాడేమో అనుకున్నాను. కొడితే పడేదాన్నే. "మాఫీ గీఫీ తర్వాత జూద్దాం. గా కవచం తియ్యి. అయిదింటికి ఆట" అన్నాడు.

రాఘవులు తీర్పు చెప్పాడు. సామాను తప్పు కంపెనీ తప్పు, కాబట్టి ఖాసిం దిగినవాడి కింద లెక్క కాదు. పెట్టె మనిషి మాత్రం ఈ ఆటకు కావలసినవి బయటపెట్టి తాళంచెవి తన చేతికివ్వాలి. ఇచ్చాను.

కవచం ఖాసింకు తొడిగితే మూడు వేళ్లు వదులు. వీపు మీద కొక్కేలు ముందుకు జరిపి కుడితే సరిపోయేది, అందుకు టైముంది కూడా. సూది తీశాను. మళ్లీ వెనక్కి జరిగి చూశాను. ఆ పెద్ద తుప్పు రేకులో ఆ సన్నటి మనిషి, లోపల కరిగిపోయినవాడిలాగా ఉన్నాడు. అన్నం సయించక తిరిగిన సర్దారు బిగుతుగా ఎలా ఉంటాడు? సూది మళ్లీ దారపు ఉండకు గుచ్చేశాను. ఒక్క కుట్టు కూడా వెయ్యలేదు. పెట్టె పనిలో నేను చేసిన మంచి పనుల్లో అది ఒకటి. దారం కూడా మిగిలింది.

ఆట మొదలైంది. ఖాసిం అడుగు వెయ్యగానే వదులు రేకులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ముందు వరసలో గుసగుసలు ఆగిపోయాయి. గొంతు ఎక్కడికీ పోలేదు. ఆరేళ్లు దాచిన గొంతు మూడంకాలు పందిరిని పట్టుకుంది.

ఆఖరి అంకంలో కత్తియుద్ధం. ఎదురుగా వెంకటి, అదే నొసలు. ఖాసిం కత్తి ఎత్తాడు, ఆగాడు. నేను పక్క పరదా దగ్గర నుంచి చూస్తున్నాను. ఇక్కడ దిగిపోతే జన్మలో మళ్లీ ఎక్కడు. తబలా మీద నా పెనిమిటి చెయ్యి కూడా ఆగిపోయింది. అప్పుడు ఖాసిం కత్తి దించి, జనం ముందే మొన మీద బొటనవేలు ఆనించి చూశాడు. ఆ పొద్దున నేను చుట్టిన కొత్త గుడ్డ. నిదానంగా ఒకసారి తడిమి, తల ఎత్తి, "రా" అన్నాడు.

ఆ మాట నాటకంలో లేదు. పందిరి లేచిపోయింది. ఈసారి తప్పకూడదని సర్దారు కత్తి పదును చూసుకున్నాడని జనం అనుకున్నారు. ఈలలు, కేకలు. బషీరాబాద్ రైతులు కన్నడంలో ఏదో అరుస్తున్నారు, గని కూలీలు "వన్స్‌మోర్!" అని లేచి నిలబడ్డారు. వెంకటి పడిపోయిన చోటి నుంచే కన్ను గీటి, "లెవ్వాల్నా ఏందిరా మళ్ల?" అన్నాడు. లేవాల్సి వచ్చింది. ఆ యుద్ధం మూడుసార్లు ఆడారు. మూడుసార్లూ ఖాసిం మొన చూశాడు. మూడుసార్లూ వెంకటి నొసటికి ఏమీ కాలేదు.

పరదా పడ్డాక ఒక ముసలి సాయెబు వేదిక ఎక్కి, తన భుజం మీది తువ్వాల తీసి ఖాసిం మెడలో వేశాడు. ఖాసిం అప్పుడు టోపీ తీశాడు. ముఖం మీద రంగంతా చెమటకు కరిగి ఉంది. నవ్వుతున్నాడు.

'కోట సర్దారు' తాండూరులో ఆ మకాం అంతా ఆడింది. తర్వాత కొడంగల్, బొంరాస్‌పేట, మళ్లీ వికారాబాద్. ఎక్కడ ఆడినా బొటనవేలు మొన మీద ఆనే చోటికి జనం ఎదురుచూసేవాళ్లు. మాస్టరు దాన్ని ప్రతిలో రాసుకున్నాడు. తాను కట్టినదే అని చెప్పుకునేవాడు కూడా.

తాండూరు ఆట మర్నాడు పొద్దున, ఖాసిం యజమాని దగ్గర తాళంచెవి అడిగి తెచ్చి నా ముందు పెట్టాడు. "పెట్టె నీది. మొన మాత్రం నేను గూడ చూస్త" అన్నాడు. చూడమన్నాను. ఆ రోజు నుంచి మా కంపెనీలో కట్టుబాటు మారింది. గుడ్డ ప్రతి ఆటకూ మార్చాలి. మార్చిన మనిషీ, కత్తి పట్టే మనిషీ ఇద్దరూ వేలు పెట్టి చూడాలి. ఒకరు చూశారని ఇంకొకరు మానకూడదు.

తప్పు జరిగిన రోజే చెప్పి ఉంటే ఒక తిట్టుతో పోయేది. దాచినందుకు ఒక మంచి నటుడి ఆరేళ్లు పోయాయి. అవి నేను కుట్టి ఇచ్చేవి కావు. ఖాసిం మాఫీ సంగతి మళ్లీ ఎత్తలేదు, నేనూ అడగలేదు. 1988లో పెట్టె కొత్త మనిషికి అప్పగించేటప్పుడు తాళంచెవితో పాటు ఆ పొగాకు డబ్బా కూడా ఇచ్చి, గుడ్డ చూపించాను. దారం దగ్గర పొదుపు చెయ్యి, జిగురు దగ్గర చెయ్యి, మొన దగ్గర మాత్రం చెయ్యకు అని చెప్పాను.