ఆగి ఆగి నడిచిన పాఠం

బాన్సువాడలోని ఆ ఇంటర్నెట్ సెంటర్‌కు వేగమైన కనెక్షన్ వచ్చిన మొదటి మధ్యాహ్నం, లెక్కల వీడియో పాఠం ఒక్కసారి కూడా ఆగకుండా నడిచింది. పావుగంటకు, ఆ పాఠం వింటున్న ఆమే మౌస్ నొక్కి దాన్ని ఆపేసింది.

"ఏందక్కా, ఆగుతున్నదని ఇన్ని దినాలు నన్ను తిట్టిండ్రు. ఇప్పుడు ఉరుకుతుంటే మీరే ఆపుతరా?" సెంటర్ నడిపే అతను నిజంగానే నొచ్చుకున్నాడు.

"అది ఉరుకుతున్నది తమ్మీ. నేనే ఎన్కవడ్డ," అంది ఆమె.

పక్క కంప్యూటర్ దగ్గర నేను వార్త టైపు చేస్తున్నాను. రెండువేల దశకం చివర్లో మా పత్రికకు వార్తలు అక్కడి నుంచే పంపేవాణ్ణి. 'నత్తనడక నెట్, విద్యార్థుల అవస్థ' అని రాసిందీ నేనే.

ఆమెది బిచ్కుంద వైపు ఊరు. ముప్పై దాటిన మనిషి, బడిలో విద్యా వలంటీరు. దూరవిద్యలో డిగ్రీ చదువుతూ స్టాటిస్టిక్స్ పేపరు రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే చదువు మానేస్తానని ఇంట్లో మాటిచ్చింది. పాఠాలు నెట్‌లో ఉన్నాయని తెలిసి, వారానికి రెండు మధ్యాహ్నాలు బస్సెక్కి వచ్చేది. అదే పేపరు రాస్తున్న మరొకామె తోడు కూర్చునేది. కాలువ కింద భూములు కొని, క్యాంపు అనే వలస ఊళ్ళో స్థిరపడ్డ కోస్తా రైతుల ఇంటి కోడలు.

పాత కనెక్షన్ మీద వీడియో రెండు నిమిషాలు నడిచి, అయిదు నిమిషాలు ఆగేది. ఆ ఖాళీలో ఇంకేం చేస్తారు, మాట్లాడుకునేవారు.

"ఒకటి జరిగాక రెండోదాని అవకాశం మారుతుందంటాడేంటక్కా? ఎందుకు మారాలి?" అంది ఒకనాడు కోడలు.

"మీ కాలువ చివర నీళ్ళ వంతుకు చిట్టీలేస్తరు గద. అయిదుగురున్నరనుకో. మొదటి చిట్టి నీది ఎల్లేందుకు ఎంత?"

"అయిదింట్లో ఒకటి."

"అది పక్కోనిది ఎల్లింది. ఇగ రెండో చిట్టికి?"

"నాలుగింట్లో ఒకటి." కోడలు నవ్వింది. "మా మామగారు రెండో చిట్టికే గట్టిగా దణ్ణం ఎందుకు పెడతారో ఇప్పుడు తెలిసింది."

వీడియో కదిలేసరికి ఇద్దరూ జవాబుతో సిద్ధంగా ఉన్నారు. తెరమీది మాస్టారు వాళ్ళ తర్వాత చెప్పాడు. అవస్థ గురించి రాసిన నేను, ఆ అయిదు నిమిషాల్లో ఏం జరుగుతోందో చూస్తూ కూడా రాయలేదు.

వేగం వచ్చాక వాళ్ళొక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి లెక్కకూ వీడియో ఆపాలి. నోట్సు మూసి, ఒకరు రెండోవాళ్ళకు చెప్పాలి. అర్థం కాలేదంటే మళ్ళీ వెనక్కి.

"గంత స్పీడు దెస్తే ఎడ్లబండి చేసిండ్రు," అనేవాడు సెంటర్ అతను. అయినా వాళ్ళ కుర్చీలు ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు.

ఇద్దరూ పాసయ్యారు. ఆ రోజు సెంటర్‌లో అందరం మిర్చి బజ్జీలు తిన్నాం. ఆమె అక్కడే కూర్చుని, పాఠం చెప్పిన మాస్టారికి మెయిల్ రాసింది. ప్రతి లెక్క తర్వాత కాసేపు ఆగమనీ, పిల్లలను ఒకరికొకరు చెప్పుకొమ్మనమనీ. తెలుగు టైపు నేనే చేసిపెట్టాను.

సెంటర్ మూతపడేదాకా జవాబు రాలేదు. చివరిసారి చూసినప్పుడు కూడా ఆ వీడియోలు అలాగే, ఎక్కడా ఆగకుండా నడుస్తున్నాయి.