బకెట్లో మామ్మ చెయ్యి

మొన్న అల్లవరంలో స్నేహితురాలి పశువుల పాకలో ఓ దూడ నా వేళ్లు నోట్లోకి లాక్కుంది. ఆ గరుకు నాలుక తగలగానే మా మామ్మ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు మా గేదె ఈనిన మర్నాడే చనిపోయింది. వేరే గేదె పాలు బకెట్లో పోసి పెడితే దూడ మూతి పెట్టేది కాదు. "ఇది బతకదులెండి" అనేసేరు చూసినవాళ్లంతా. మామ్మ పాలల్లో చెయ్యి ముంచి వేళ్లు నోటికందిస్తే, పొదుగనుకుని చీకుతూ పాలు తాగేది. మీ ఇళ్లల్లోనూ ఇలాగే తాగించేవారు కదూ?

కొన్నాళ్లకి దానంతటదే తాగడం నేర్చుకుంది. అయినా మామ్మ చెయ్యి బకెట్లోనే ఉండేది.

"దానికి వచ్చేసిందిగా మామ్మా, ఇంకా చెయ్యెందుకు?" అన్నాను.

"ఆయ్, తాగడం వచ్చిందమ్మా. తల్లి లేదని ఇంకా తెలీదు కదా దానికి" అంది మామ్మ, చెయ్యి తియ్యకుండానే.