పదిహేడు గంటల గడువు

బంద్ రెండో రోజు పొద్దున అమల తన దరఖాస్తు ప్రింటవుట్‌ను ఆరోసారి చదివి, తండ్రి పేరులో ఒక అక్షరం ఎగిరిపోయిందని గమనించింది. బాలస్వామి కాస్తా బాలస్వా అయి ఉంది. పక్కన పెన్సిల్‌తో దిద్దుకుంది. సాయంత్రం ఆరింటికి బంద్ ముగుస్తుంది. తార్నాక చౌరస్తాలో నెట్ సెంటర్ షట్టర్ ఎత్తుతారు. పెన్‌డ్రైవ్‌లోని ఫైలులో ఆ అక్షరం సరిచేసి, ఫారం నింపి పంపించాలి. అరగంట పని.

అది 2011 జులై ఆరు, బుధవారం. తెలంగాణ కోసం ఇచ్చిన నలభై ఎనిమిది గంటల బంద్ పిలుపుతో తార్నాకలో పాల బూత్, మందుల షాపు తప్ప ఏదీ తెరవలేదు. యూనివర్సిటీ గేటు దగ్గర ముళ్లకంచె, దాని వెనక పోలీసు వ్యాను. క్యాంపస్ లోపలి నుంచి అప్పుడప్పుడు నినాదాలు వినిపించేవి, కాసేపటికి ఆగిపోయేవి. అమల ఉండేది గేటుకు రెండు వీధుల అవతల, ఒక డాబా మీది ఒంటి గదిలో.

ఆమె వయసు ఇరవై నాలుగు. ఊరు జనగామ దగ్గర. తండ్రి బాలస్వామి రైసుమిల్లులో బస్తాలు మోస్తాడు. తల్లి సోమమ్మ కూలికి పోతుంది, శనివారాలు చర్చి ఊడ్చి పెడుతుంది. అమల యూనివర్సిటీలో ఖగోళశాస్త్రం ఎమ్మెస్సీలో చేరిందని తెలిసినప్పుడు ఊళ్లోవాళ్లు జాతకం చూడమని చేతులు చాపారు. పక్కింటి బుచ్చవ్వ మనవరాలి పెళ్లెప్పుడో చెప్పమని కొబ్బరికాయ కూడా తెచ్చింది. తనకు రాదని అమల చెబితే, "గంత సదువు సదివి గది సుత చెప్పరా?" అని కొబ్బరికాయ తిరిగి పట్టుకుపోయింది.

ఆ బ్యాచ్‌లో చేరింది ముగ్గురే. ఒకడు మధ్యలోనే సాఫ్ట్‌వేర్ కోర్సుకు వెళ్లిపోయాడు. రెండో అమ్మాయి బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో ఉంది. పరిశోధన చేయాలని మిగిలింది అమల ఒక్కతే. ఖగోళ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేయించే సంస్థలు దేశంలో చాలా కొద్ది. ఏడాదికి ఒకసారి టెస్టు పెడతారు, ఆ పైన ఇంటర్వ్యూ. చేరితే అయిదేళ్ల ఫెలోషిప్, పెద్ద టెలిస్కోపు మీద పని. 2010లో ఉద్యమం వల్ల ఆమె ఫైనల్ పరీక్షలు మూడుసార్లు వాయిదా పడ్డాయి. ఫలితాలు నవంబరులో వచ్చాయి. అప్పటికి అన్ని చోట్లా చేరికలు అయిపోయాయి. పరీక్షలు వాయిదా వేయాలన్న విద్యార్థుల సభలో అమల కూడా చెయ్యెత్తింది. ఎత్తకుండా ఉండాల్సిందని ఆమె ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు.

ఈ ఏడాది టెస్టులో మంచి స్కోరే వచ్చింది. ఆ స్కోరు ఈ ఏడాదికే చెల్లుతుంది. మే నెలలో ఒక సంస్థ ఇంటర్వ్యూ చేసి వద్దంది, మరొకటి అసలు పిలవలేదు. మిగిలింది బెంగళూరులోని సంస్థ. జంట నక్షత్రాల మీద పనిచేసేవాళ్ల కోసం అది జూన్‌లో మరోసారి దరఖాస్తులు పిలిచింది. జంటలో ఒక నక్షత్రం రెండోదానికి అడ్డం వచ్చినప్పుడు వెలుగు తగ్గుతుంది. ఎప్పుడు తగ్గిందో నిమిషంతో సహా పట్టుకోవడమే అమల ఎమ్మెస్సీ ప్రాజెక్టు. ఇదీ కాకపోతే ఊరికి వచ్చేయాలని ఇంట్లో ఒప్పందం. జనగామలో ఒక మిషన్ స్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగాన్ని ఫాదర్‌గారు ఆమె కోసం నెలాఖరు దాకా ఆపి ఉంచారు.

దరఖాస్తుకు ప్రొవిజనల్ సర్టిఫికెట్ జతచేయాలి. ఆఫీసులు నడిచిన రోజు నడిచి, ఆగిన రోజు ఆగి, అది చేతికొచ్చేసరికి సోమవారం సాయంత్రమైంది. స్కాన్ చేయించి పెన్‌డ్రైవ్‌లో వేసుకునేలోపు నెట్ సెంటర్ మూసే వేళయింది. మంగళ, బుధవారాలు బంద్. నోటీసులో గడువు ఇలా ఉంది: జులై 6, 1700 గంటలు.

అది ఎవరు చదివినా సాయంత్రం అయిదు అనుకుంటారు. అమల అనుకోలేదు.

ఆకాశాన్ని గమనించే పనిలో గడియారం గ్రీనిచ్ కాలం ప్రకారం నడుస్తుంది. దాన్ని యూటీ అంటారు. మన టైముకు అయిదున్నర గంటలు వెనక. ఏ దేశంలో చూసిన నక్షత్రమైనా ఒకే లెక్కలోకి రావాలంటే అందరూ అదే రాయాలి. నగరం బయట డిపార్ట్‌మెంట్ టెలిస్కోపు ఉన్న చోట గోడ గడియారం యూటీకే తిప్పి ఉండేది. లాగ్‌బుక్‌లో గంటలూ నిమిషాలూ నాలుగంకెల్లో, మధ్యలో చుక్క లేకుండా రాయాలి. ఎవరైనా మన టైము రాస్తే, ప్రాజెక్టు చేయించే శ్రీనివాసరావు సారు పేజీ మొత్తం కొట్టేయించేవారు. "నక్షత్రానికి హైదరాబాద్ టైము తెలియదమ్మా" అనేవారు. మొదటి నెలలో అమల రెండు పేజీలు అలా పోగొట్టుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ తప్పలేదు.

నోటీసు పెట్టింది ఖగోళ సంస్థ. గంటలు నాలుగంకెల్లో ఉన్నాయి. ఎక్కడి టైమో రాయలేదు. లాగ్‌బుక్‌లోనూ రాయరు. అమల పదిహేడుకు అయిదున్నర కలిపి, నోటీసు అంచున 2230 అని వేసుకుంది. రాత్రి పదిన్నర. ఆరింటికి షట్టర్ ఎత్తితే ఇంకా నాలుగున్నర గంటలు చేతిలో ఉంటాయి.

మధ్యాహ్నం పన్నెండున్నరకు సంజీవ్ వచ్చాడు. వాళ్ల పక్క ఊరివాడు, రాజనీతిశాస్త్రంలో పరిశోధన విద్యార్థి. రెండేళ్లుగా లైబ్రరీలో కన్నా ఊరేగింపుల్లో ఎక్కువ కనిపిస్తున్నాడు.

"ఏంది అమలా, రెండ్రోజులాయె, నీ జాడే లేదు. ఉన్నవో లేవో చూసిపోదామని వచ్చిన."

"ఉన్న. అప్లికేషన్ పనున్నది."

"గా చుక్కలు లెక్కవెట్టే నౌకరేనా? ఎన్నైనయ్ ఇప్పటిదాక?"

"మీరు మీటింగులకు వచ్చిన మందిని లెక్కవెడ్తరు గద. గన్ని."

సంజీవ్ నవ్వి, మంచం మీద పరిచి ఉన్న కాగితాలు చూశాడు. "ఎప్పటిదాక ఉన్నది టైము?"

"ఇయ్యాల్నే ఆఖరు. రాత్రి పదిన్నర దాక."

"గట్లయితే ఇప్పుడే కొట్టరాదు? లాలాపేట్‌ల మా దోస్తు రూముల నెట్ ఉన్నది. గల్లీలల్లకెల్లి బండి మీద తీస్కపోత. ఇర్వై నిమిషాల పని."

"బంద్ పిలుపిచ్చేది మీరే, బండ్లేస్కొని తిరిగేది మీరే."

"బంద్ మనదే గద. మనల్నెవరు ఆపుతరు?"

"వద్దు. ఆరింటికి సెంటర్ తెరుస్తరు. మస్తు టైమున్నది."

"నీ ఇష్టం. తెలంగాణ రానీ, గీడనే పెద్ద టెలిస్కోప్ పెట్టిస్త. నువ్వే దానికి ఆఫీసర్‌వి."

"ఎప్పుడొస్తది?"

"వస్తది" అన్నాడు సంజీవ్. ఇంకేదో అనబోయి, గేటు వైపు నుంచి నినాదాలు వినబడితే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

లాలాపేట్ కన్నా దగ్గర్లో ఇంకో కంప్యూటర్ ఉంది. అమల గది కిందే, ఇంటి ఓనరు ఎవాంజెలిన్ టీచరు హాల్లో. ఆవిడది గుడివాడ వైపు. ఇక్కడే పాఠాలు చెప్పి, ఇల్లు కట్టుకుని, రిటైరయ్యారు. కొడుకు బెన్నీ కోసం బ్రాడ్‌బ్యాండ్ పెట్టించారు. అమల కొత్తగా దిగినప్పుడు ఆదివారం చర్చి నుంచి రాగానే ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది. టీచరు పక్కన కోడికూర ప్లేటు పెట్టి, "ముందు తిను, నక్షత్రాలు ఎక్కడికీ పోవు" అనేవారు. 2009 డిసెంబరులో కొందరు బెన్నీ బండి ఆపి నినాదం ఇవ్వమన్నారు. అతను ఇవ్వకపోతే బండి అద్దం పగలగొట్టారు. ఆ సాయంత్రం టీచరు, "మీవాళ్లు చేసిన పని చూశావా?" అన్నారు. "మావాళ్లంటే ఎవరు టీచర్‌గారూ?" అంది అమల. అప్పటి నుంచి ఏడాదిన్నరగా నీళ్ల మోటారు గురించి తప్ప వాళ్ల మధ్య మాటలు లేవు.

ఆ మధ్యాహ్నం మూడింటికి టీచరే గిన్నె పట్టుకుని పైకి వచ్చారు.

"ఉప్మా చేశాను. రెండు రోజుల్నించి హోటళ్లు లేవుగా, ఏం తింటున్నావో ఏమో."

"బియ్యమున్నయండి. వండుకున్న."

"ఉంచు, పర్లేదు." ఆవిడ కాగితాల వంక చూశారు. "మళ్లీ పరీక్షలా?"

"కాదండి. పీహెచ్‌డీ అప్లికేషన్."

"ఓహో." టీచరు గుమ్మంలోనే నిలబడ్డారు. "ఏమన్నా కావాలంటే చెప్పు. బెన్నీకి ఇవాళ ఆఫీసు లేదు, ఇంట్లోనే ఉన్నాడు."

అప్పుడు టైము మూడూ పది. "ఏం వద్దండి" అంది అమల. టీచరు తలూపి దిగిపోయారు. అమల ఉప్మా తిని, గిన్నె కడిగి, కింది మెట్టు మీద పెట్టి వచ్చింది. సాయంత్రం అయిదింటికి డాబా మీద ఆరిన బట్టలు తీసి మడత పెట్టుకుంటోంది.

ఆరుంపావుకు నెట్ సెంటర్ భీమయ్య షట్టర్ సగం ఎత్తాడు. అమల వంగి లోపలికి వెళ్లింది. మొదట తండ్రి పేరులో అక్షరం సరిచేసింది. తర్వాత సంస్థ పేజీ తెరిచింది. ఫారం ఉండాల్సిన చోట ఒకే వాక్యం ఉంది. దరఖాస్తుల గడువు ముగిసింది.

"సర్వర్ డౌనుంటది మేడం" అన్నాడు భీమయ్య. "మళ్ల కొట్టుండ్రి."

అమల మళ్లీ కొట్టింది. అరగంట సేపు కొడుతూనే ఉంది. వేరే కంప్యూటర్ మీదికి మారి చూసింది. ఏడింటికి బయటికి వచ్చి శ్రీనివాసరావు సారుకు ఫోన్ చేసింది. ఆయన మార్చిలో రిటైరై విద్యానగర్‌లో ఉంటున్నారు.

"సార్, గడువు 1700 అన్నరు. యూటీ ప్రకారం ఇంకా మూడున్నర గంటలున్నది. అప్పుడే పేజీ మూసేసిన్రు. ఎవరికి చెప్పాలె?"

సారు నోటీసులోని ఆ వాక్యం ఉన్నదున్నట్టు చదివించుకున్నారు.

"అది సాయంత్రం అయిదమ్మా" అన్నారు. "ఆ నోటీసు పెట్టేది ఆఫీసువాళ్లు. అది గుమాస్తా గడియారం."

"ఏ టైమో రాయలేదు సార్."

"రాయరు. వాళ్లకు ఉన్నది ఒకటే టైము."

"మీరే అన్నరు గద సార్..." అని అమల ఆగిపోయింది.

"అన్నాను" అన్నారు సారు. "డైరెక్టర్‌కు జరిగింది జరిగినట్టు రాయి. నేనూ రాస్తాను. ఒప్పుకుంటారని మాత్రం అనుకోకు."

గదికి వచ్చేసరికి ఊరి నుంచి ఫోన్ వచ్చింది. సోమమ్మ అడిగింది.

"పంపినవా బిడ్డా?"

"లేదమ్మా."

"కరెంటు వోయిందా?"

"కరెంటున్నది. టైమైపోయింది."

"అయితే రేపు పంపు" అంది సోమమ్మ.

సరేనంది అమల. తను చేసిన తప్పేమిటో చెబితే అర్థమయ్యే మనిషి ఆమె ఎరిగినవాళ్లలో సారు ఒక్కరే. ఆయనకు చెప్పడం అయిపోయింది. ఆమె ఇంకెవరికీ ఫోన్ చేయలేదు.

మర్నాడు పొద్దున్నే కిందికి దిగి తలుపు కొట్టింది. "టీచర్‌గారూ, ఒక మెయిల్ పంపాలె. మీ కంప్యూటర్ కొంచెం ఇస్తరా?"

బెన్నీ కుర్చీలోంచి లేచి తప్పుకున్నాడు. డైరెక్టర్‌కు ఉత్తరం టైపు చేయడానికి అమలకు గంట పట్టింది. టీచరు వంటింటి గుమ్మంలో నిలబడి జరిగినదంతా అడిగి తెలుసుకున్నారు. టైముల లెక్క ఆవిడకు పూర్తిగా అర్థం కాలేదు.

"నిన్న మూడింటికి నేను పైకి వచ్చానుగా. అప్పుడే అడగొచ్చుగా అమలా."

"టైమున్నదనుకున్న టీచర్‌గారూ."

జవాబు మరుసటి సోమవారం వచ్చింది. నాలుగు వాక్యాలు. సంస్థ నోటీసుల్లో టైము ఎప్పుడూ భారత కాలమానమే. ఒకరికి సడలిస్తే అందరికీ సడలించాలి. వచ్చే ఏడాది టెస్టు మళ్లీ రాసి దరఖాస్తు చేసుకోవచ్చు. శుభాకాంక్షలు. సారు రాసిన ఉత్తరానికీ అదే జవాబు వెళ్లింది.

జులై ముప్పైన అమల గది ఖాళీ చేసింది. ఆగస్టు ఒకటిన జనగామ స్కూల్లో చేరింది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు ఫిజిక్స్ చెప్పాలి. సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలై స్కూలు మూతపడింది. రోజులన్నీ ఇంట్లోనే గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆమె జనగామ వెళ్లి, తెరిచి ఉన్న నెట్ సెంటర్ ఒకటి వెతుక్కుని, బెంగళూరు సంస్థ పేజీ చూసింది. ఆ జులై దరఖాస్తుల ఫలితం పెట్టారు.

సీట్లు తొమ్మిది. చేరినవాళ్లు ఏడుగురు.