చూడని రేకుకు ఇచ్చిన సాక్ష్యం

కళ్లతో చూడనిదాన్ని చూసినట్టు రాసి, కింద సంతకం పెట్టారా మీరెప్పుడైనా? లేదని తొందరపడి చెప్పకండి. లారీ ఇంజన్లతో ఇరవై ఆరేళ్లుగా కుస్తీ పడుతున్న ఒక మేస్త్రి కూడా మొన్నటి శుక్రవారం దాకా లేదనే చెప్పేవాడు.

రెండు చేతులూ ఉన్నా ఆయనకు ఒంటిచేతి మేస్త్రి అనే పేరు స్థిరపడింది. షెడ్డులో రెండో మనిషిని పెట్టుకోకపోవడమే కారణం. పని నేర్చుకునే రోజుల్లో, ఆయన చెయ్యి ఇంజను ఫ్యాను దగ్గర ఉండగానే క్యాబిన్‌లో కూర్చున్న తోటివాడు సెల్ఫ్ కొట్టాడు. ఎడమచేతి చూపుడువేలి కొస పోయింది. ఆనాటి నుంచి తాను బానెట్ కింద ఉన్నంతసేపూ క్యాబిన్‌లోకి ఈగను కూడా దూరనివ్వడు. షెడ్డు ముందుగదిలో విడిభాగాలు అమ్మే భార్యకూ ఈ నిషేధం నుంచి మినహాయింపు లేదు.

ఆయన దగ్గరికి ఎక్కువగా వచ్చేవి ఐస్ ఫ్యాక్టరీవారి ఆరు పాత పెట్రోలు లారీలు. అవి రాకపోతే షెడ్డు సగానికి పైగా బోసిపోతుంది.

ఆ లారీలకు చోక్ ఉంటుంది. అందులో పెద్ద మాయ ఏమీ లేదు. కార్బురేటర్ నోట్లో గుండ్రటి రేకు ఒకటి ఉంటుంది. డ్రైవరు తన ముందున్న నాబ్‌ను లాగితే కేబుల్ ఆ రేకును మూస్తుంది. గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరిగి, చల్లబడ్డ ఇంజను అందుకుంటుంది. వేడెక్కాక నాబ్‌ను లోపలికి నెట్టాలి. రేకు నిలువుగా లేచి గాలికి దారి ఇవ్వాలి. దీన్నే మేస్త్రి డ్రైవర్లకు తన పద్ధతిలో చెబుతాడు: “నిద్ర లేచేటప్పుడు ముసుగు ఉన్నా పర్లేదురా. పనిలోకి దిగాక కూడా ముసుగు తియ్యకపోతే ఊపిరాడదు.”

కేబుల్ మార్చినప్పుడు ఒకరు క్యాబిన్‌లో కూర్చుని నాబ్ లాగుతూ నెడుతూ ఉండాలి. మరొకరు ఎయిర్ ఫిల్టరు విప్పి, రేకు ఎంత కదులుతోందో చూడాలి. మేస్త్రి ఈ ఇద్దరి పనినీ ఒక్కడే చేస్తాడు. నాబ్ నెట్టి, దిగి వచ్చి, ఫిల్టరు విప్పకుండా, రేకును తిప్పే పక్క మీటను ఆ కొసలేని వేలితో తడిమి, కేబుల్‌ను పట్టి ఉంచే స్క్రూ బిగించేస్తాడు. మూడు నెలల కిందట ఫ్యాక్టరీవారి మూడో నంబరు లారీకి కొత్త కేబుల్ అలాగే పడింది.

అప్పటినుంచే దాని పెట్రోలు ఖర్చు పెరిగింది. నడిపేవాడిని తోటి డ్రైవర్లు నత్త అంటారు. ఖాళీ రోడ్డు మీద కూడా అంత నెమ్మది. ఫ్యాక్టరీ యజమాని అందరిముందూ నిలదీశాడు: “నడిపేది నత్తలా, తాగేది ఏనుగులా! పెట్రోలేమన్నా ఐసా, దారిలో కరిగిపోవడానికి?”

లారీని పరీక్షించే బాధ్యత మేస్త్రిపై పడింది. తెల్లవారుజామున, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్లాడు. నాబ్ పూర్తిగా లోపలికే ఉంది. సెల్ఫ్ కొట్టగానే, చోక్ లాగకుండానే, ఇంజను అందుకుంది. పొగ నల్లగానే వచ్చింది గానీ, చలిలో మామూలే అనుకున్నాడు. “బండిలో ఏ లోపమూ లేదు” అని రాసి సంతకం చేశాడు. చల్లని ఇంజను చోక్ లేకుండా అంత సులువుగా ఎందుకు అందుకుందని తనను తాను ప్రశ్నించుకోలేదు. బండిలో లోపం లేకపోతే మనిషిలో ఉన్నట్టేనని యజమాని తేల్చేశాడు. నిందితుడి మాట వినకుండానే విచారణ ముగిసింది. పెట్రోలు దొంగ అనే ముద్రతో పాటు, శనివారంతో పని ఆఖరని కబురు కూడా నత్తకు అందింది.

శుక్రవారం ఉదయం నత్త లారీని తిన్నగా షెడ్డుకే తెచ్చాడు. విప్పిన ప్లగ్గు ఒకటి బల్ల మీద పెట్టాడు.

“అన్నా, పెట్రోలు నేనే కాజేశాననుకో. ఈ మసి కూడా నేనే పూశానా?”

మేస్త్రి చూశాడు. ప్లగ్గు కొన బొగ్గులా ఉంది. “నాబ్ లోపలే ఉందిరా. నా కళ్లతో చూశాను.”

భార్య వచ్చి ప్లగ్గును వేళ్లతో రుద్దింది. “దొంగిలించిన పెట్రోలు డబ్బాలో ఉంటుంది గానీ, ప్లగ్గు మీద మసై కూర్చోదు. ఇది ఇంజను తాగిందే. మీరు నాబ్ చూశారు సరే, రేకు చూశారా?”

ఆయన వెళ్లి లారీ బానెట్ ఎత్తాడు.

“ఇప్పుడు చూడండి. నేను క్యాబిన్‌లో కూర్చుంటాను.”

“వద్దన్నానా!”

“తాళం మీ జేబులో వేసుకోండి. తాళం లేకుండా సెల్ఫ్ కొట్టడానికి నేనేమన్నా మంత్రగత్తెనా?”

నత్త ఫక్కున నవ్వాడు. “వదినా, ఈ మాట ఇరవై ఆరేళ్ల కిందటే చెప్పాల్సింది!”

“అడిగితేగా, చెప్పడానికి.”

మేస్త్రి తాళం జేబులో వేసుకున్నాడు. బయటినుంచి ఒకటికి రెండుసార్లు తడుముకుని చూసుకున్నాడు కూడా. ఫిల్టరు విప్పి, “లాగు” అన్నాడు. రేకు మూసుకుంది. “నెట్టు” అన్నాడు. రేకు లేచింది, సగంలో ఆగింది. క్యాబిన్‌లోంచి “పూర్తిగా నెట్టేశాను” అని వినిపించింది. రేకు మాత్రం ఏటవాలుగా గాలికి అడ్డంగానే ఉంది. కేబుల్ ఎక్కడా తెగలేదు, తుప్పు పట్టలేదు. స్క్రూ బిగించిన రోజే రేకు సగం మూసి ఉందన్నమాట.

స్క్రూ వదులు చేసి, రేకును వేలితో నిలువుగా పట్టుకుని మళ్లీ బిగించాడు. నాలుగుసార్లు లాగించి నెట్టించాడు. ప్లగ్గులు తుడిచి, భార్య దిగాకే తాళం తీసి ఇంజను వేశాడు. పావుగంటకు పొగ పలచబడి, చప్పుడు నిలకడగా సాగింది.

నత్త గొంతు తగ్గించాడు. “కేబుల్ జారిందని చెప్పు అన్నా, చాలు. నా పని నాకుంటుంది, ఆరు బళ్లూ నీకుంటాయి.”

ఆ దారి ఎంత సులువైనదో మేస్త్రికి తెలుసు. భార్య వైపు చూశాడు. ఆమె ఈసారి సాయానికి రాలేదు.

“జారలేదురా,” అన్నాడు చివరికి. “జారిందంటే ఎప్పుడని మీ యజమాని అడుగుతాడు. నిన్న జారిందంటే నేను రాసింది నిజమే అవుతుంది, మూడు నెలల పెట్రోలు నీ నెత్తి మీదే ఉంటుంది.”

బిల్లుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, నిలబడే రాశాడు: “కేబుల్ నేనే తప్పుగా బిగించాను. రేకు చూడకుండా లోపం లేదని రాశాను. ఆ మాట చెల్లదు. డ్రైవరు దొంగ కాడు.” సంతకం పెట్టి, ఆరు లారీలూ రేపు వేరే షెడ్డుకు పోయినా సరే, ఈ కాగితాన్ని ఫ్యాక్టరీలో డ్రైవర్లందరి ముందూ తానే చదవాలని నిశ్చయించుకుని, తాళం నత్త చేతికిచ్చి పక్కసీట్లో కూర్చున్నాడు.