ఎర్రగా ఉండాల్సిన బంగారం

బందరులో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో గాజుసామాను కడిగే పని ఆండాళమ్మది. అక్కడ గుమాస్తాగా చేస్తూ భర్త పోతే, కారుణ్య నియామకం కింద ఆవిడకా ఉద్యోగం ఇచ్చారు. అప్పట్నుంచీ ఆవిడ కడిగిన గ్లాసు మీద మరక చూసినవాళ్ళు లేరు. ఇంట్లో మడి, ల్యాబులోనూ మడే. ఆవిడ మంచినీళ్ళ సీసా కిటికీలో ఒక మూల ఉంటుంది. ఎవరైనా అటు చెయ్యి చాపితే చాలు, "ముట్టుకోకండీ!" అని కేక. పిల్లలు చాటుగా నవ్వుకునేవారు. అయినా శుభ్రమంటే ఆండాళమ్మగారిదే అనేవారు. ఆవిడకున్న ఆస్తల్లా ఆ పేరే.

నాగమల్లేశ్వరి పరిశోధనకు చేరాక ఈ మడికి చిక్కొచ్చి పడింది. ఆ అమ్మాయిది గిలకలదిండి, బోటు మీద బతికే కుటుంబం. చదువూ చేపల మీదే. బంగారాన్ని కంటికి ఆననంత చిన్న రేణువులు చేసి నీళ్ళలో ఉంచితే ఆ నీళ్ళు పసుపుగా ఉండవు, దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటాయి. చేప పాడవడం మొదలైతే అందులో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. అది తగలగానే రేణువులు గుంపు కడతాయి, ఎరుపు కాస్తా నీలమవుతుంది. వేలంపాటకి ముందే రేవులో చేప మంచిచెడ్డలు ఈ రంగు చూసి చెప్పెయ్యొచ్చని ఆ అమ్మాయి ఆశ.

కానీ ఏ చేప ముక్క నానబెట్టిన నీళ్ళు శుద్ధి చేసి అందులో పోసినా నీలమే. అప్పుడే బోటు దిగిన కానాగంత చేపలవి పోసినా నీలమే. నెలలు గడిచాయి. గైడుగారు విసిగిపోయి, "సోమవారానికి తేలకపోతే టాపిక్ మార్చెయ్యమ్మా" అన్నారు.

శనివారం నాగమల్లేశ్వరి ఏడుస్తూ సామాను సర్దేస్తోంది.

"ఏమైందే అమ్మాయ్?" అంది ఆండాళమ్మ.

"సోమవారం దాకా ఎందుకండీ, మానేస్తున్నానని ఇప్పుడే చెప్పేస్తాను. ఇదిగో చూడండి." హైదరాబాదు నుంచి తెప్పించిన బంగారు నీళ్ళు కొత్త ప్లాస్టిక్ మూతలో కాస్త పోసి, చిటికెడు ఉప్పు వేసింది. ఎరుపు చూస్తుండగానే నీలమైంది. "ఉప్పు తగిలినా ఇంతే. అందుకే కదా, అన్నీ డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగమన్నాను మిమ్మల్ని."

ఆండాళమ్మ ఆ నీలం వంకే చూసింది. డిస్టిల్డ్ వాటర్‌తో కడుగుతున్న మాట నిజమే. ఆ తర్వాత ఏం చేస్తోందో ఆవిడకే తెలుసు. అసలే నీచు తగిలిన టెస్ట్‌ట్యూబులు. డబ్బాలో వచ్చే ఆ డిస్టిల్డ్ వాటర్ ఎవరు పట్టారో, ఎవరు ముట్టారో. మనసొప్పక, ఆఖర్న పారే బోరు నీళ్ళ కింద మరోసారి పట్టి ఎండలో ఆరబెట్టేది. ఆ నీళ్ళతో పప్పు కూడా ఉడకదు, అంత ఉప్పన.

నోరు మూసుకుంటే పేరు నిలుస్తుంది. ఆ ఆలోచన ఆవిడకి వచ్చింది, కాసేపు నచ్చింది కూడా. ఈలోగా ఆ అమ్మాయి సంచీ తగిలించుకుని గైడుగారి గది వైపు నడిచింది.

"ఆగవే! నేనే చేశాను. ఆఖర్న బోరు నీళ్ళతో కడిగేదాన్ని."

"ఎందుకండీ?"

"నీచు కదా అనీ..."

నాగమల్లేశ్వరి ఆవిడ మొహంలోకి చూసింది. టెస్ట్‌ట్యూబులు తనే మళ్ళీ కడుక్కుంది, తనే ఆరబెట్టుకుంది. సోమవారం పొద్దున తాజా చేపకి బంగారం ఎర్రగా నిలబడింది. మంచు లేకుండా వదిలేసిన చేపకి నీలమైంది. గైడుగారు వచ్చి చూసి, "ఇదమ్మా కావలసింది!" అన్నారు.

ఆండాళమ్మకి గుండె మీద బరువు దిగినట్టయింది. సంతోషమే వేసింది. అలవాటు కొద్దీ, వాడిన టెస్ట్‌ట్యూబుల ట్రే తీసుకోబోయింది.

నాగమల్లేశ్వరి ట్రేని తన వైపు లాక్కుంది. మర్యాదగానే అంది.

"ముట్టుకోకండీ."

ఆండాళమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.