వరుసగా పెట్టిన నాలుగు వైర్లు

పెద్దలకు బియ్యమిచ్చే పెత్తర అమాస ముందటి ఆదివారం. తెలంగాణ కోసం సమ్మె సాగుతోంది, బస్సులు లేవు. స్థలం: జనగామ నుంచి బచ్చన్నపేట పోయే తోవ. హాజరైనవారు: నేను, నా భార్య అనసూయ, మా పాత కారు, పొయ్యి మీద పెద్ద గంజులో అన్నం, అటు పోలీసులు, ఇటు జనం.

ఇందరిలో ఎవరి ప్రాణమూ పోలేదు. పోవలసింది నా పరువు. అది కూడా పోతూ పోతూ నాకు వీరుడని పేరు పెట్టి పోయింది. ఎట్లాగో చెబుతాను. నవ్వాలనుకున్నవారు ముందే మంచినీళ్ళు తాగి కూర్చోండి.

అప్పట్లో నేను సర్కారు ఆఫీసులో గుమాస్తాను, కాబట్టి నేనూ సమ్మెలోనే ఉన్నాను. పనిలేనివాడు పిల్లి తల గొరిగాడంటారు. పిల్లి చిక్కక నేను కారు బానెట్ ఎత్తాను. ఆదివారం బచ్చన్నపేటలో అనసూయ తమ్ముడి కొడుక్కి తొట్టెల. మేనత్తే బిడ్డను తొట్టెలో వేయాలి, మేనత్తే చెవిలో పేరు చెప్పాలి. ఆ తమ్ముడికి పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు పుట్టిన బిడ్డ. అనసూయ మొక్కని దేవుడు లేడు. తోవలో బండి ఆగకూడదని ముందురోజే ప్లగ్గులు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, పెళ్ళికొడుకు పళ్ళలా మెరిపించాను.

ప్లగ్గులకు తగిలించే వైర్లు నాలుగు. ఒకదాని మీద ఒకటి పడి, పిల్లలు ఆడి వదిలేసిన తాళ్ళలా ఉన్నాయి. ఫైళ్ళు వరుస తప్పితే నిద్రపట్టని మనిషిని నేను. నాలుగింటినీ దువ్విన వెంట్రుకల్లా చక్కగా వరుసపెట్టి తగిలించాను.

"ఏమయ్యా, గివి మొదట్ల అడ్డం దిడ్డం ఉండె గదా?" అంది అనసూయ.

"అందుకే సక్కగ పెట్టిన."

"చేసినోడు అడ్డం పెట్టిండంటె ఏదో కత ఉంటది."

"వానికి సాపుగ పెట్టుడు తెల్వది. నాకు తెల్సు."

ఆదివారం కారు కదిలింది. కదలడం అంటే, దగ్గుతూ, తుమ్ముతూ, వెక్కిళ్ళు పెడుతూ.

"గిదేంది, దమ్ము పట్టిన ముసలోని తీరుగ గురగురమంటున్నది?"

"ప్లగ్గులు తోమినగదా. అలవాటు పడాలె."

ఊరు దాటగానే రోడ్డు మీద వంటావార్పు. సమ్మె జనం నడిరోడ్డున రాళ్ళు పెట్టి, పొయ్యి రాజేసి, అన్నం వండుతున్నారు. పక్కన వ్యాను ఆపి పోలీసులు కాపలా కాస్తున్నారు. ముందుండి నడిపిస్తున్న యాకయ్య మా సంగతి విని, "తొట్టెలకా? జర తొవ్వ ఇయ్యుండ్రి, అక్కను పోనియ్యుండ్రి!" అని కేకేశాడు. జనం జరిగారు. నేను దర్జాగా యాక్సిలరేటర్ తొక్కి రేజు చేశాను.

ఢాం!

వెనక గొట్టంలోంచి నిప్పు, పొగ. "టియర్ గ్యాస్!" అని జనం పత్తి చేలోకి దూకారు. "బాంబు!" అని పోలీసులు వ్యాను చాటుకు పరిగెత్తారు. కారు రోడ్డుకు అడ్డంగా తిరిగి ప్రాణం విడిచింది. మిగిలింది మేమిద్దరం, ఉడుకుతున్న గంజు.

"అయ్యో, బువ్వ అడుగంటుతది!" అంటూ అనసూయ పట్టుచీర కొంగు దోపి, గంటె అందుకుంది.

పోలీసు అధికారి టోపీ దులుపుకుంటూ వచ్చాడు. "పెద్దమనిషీ, బండి తియ్యి."

తాళం తిప్పాను. కారు మూలిగింది. తీయలేనని చెప్పవచ్చు. కానీ ఎందుకని అడుగుతాడు. వైర్లు నేనే మార్చానని చెప్పాలి. గంటె పట్టుకుని అనసూయ వింటోంది. పాఠకుల్లారా, దానికంటే జైలు మేలు కాదా?

"తియ్యను!" అన్నాను.

"ఏందీ?"

"తియ్యను. తెలంగాణ వచ్చెదాక తియ్యను!"

పత్తి చేను లేచి నిలబడింది. ఈలలు, నినాదాలు. యాకయ్య నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. నేనూ పిడికిలి బిగించాను. కింద నుంచి అనసూయ నా చొక్కా అంచు పట్టి లాగింది.

"తెలంగాణ వచ్చెదాక నా మేనల్లుడు పేరు లేకుంట ఉండాల్నా?"

ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "నువ్వు రాకుంట తొట్టెల ఎయ్యం అక్కా. రేపు పొద్దుగాల ఏద్దాం. ఎల్లుండి అమాస, దాటితె మంచిగుండది." అనసూయ ఫోన్ పెట్టేసి నావైపు చూసిన చూపుకు, పొయ్యిలో కట్టెలు లేకున్నా అన్నం ఉడికేది.

మర్నాడు పొద్దున్నే ఇంటి నుంచి కారు దగ్గరికి నడిచి వెళ్ళాము. బానెట్ ఎత్తాను. అనసూయ వేలు పెట్టి చూపించింది. "గిది గటు. గది గిటు. మొదట్ల గిట్లనే ఉండె." ఆమె చెప్పినట్టే వైర్లను మళ్ళీ అడ్డదిడ్డంగా తగిలించాను. తాళం తిప్పీ తిప్పగానే కారు పాలు తాగిన పిల్లిలా గుర్రుమంది.

యాకయ్య పరిగెత్తుకొచ్చి కారు ముందు నిలబడ్డాడు.

"సార్! తెలంగాణ వచ్చిందా?"

"రాలే."

"మరి బండెట్ల కదుల్తది? నిన్న గంత మంది ముందట ఏమంటివి?"

వ్యాను దగ్గర పోలీసు అధికారి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "నేను తియ్యమంటె తియ్యకపోతివి. ఇప్పుడు తియ్యి చూద్దాం!"

ఇంజన్ ఆపాను. మాట అంటే మాటే. వంటకు బియ్యం తెచ్చిన ట్రాక్టరు మీద యాకయ్యే మమ్మల్ని బచ్చన్నపేట చేర్చాడు. గంజుల మధ్య పట్టుచీరలో కూర్చుని వచ్చిన మేనత్త, మేనల్లుణ్ణి తొట్టెలో వేసి, చెవిలో పేరు చెప్పి, నాకు వినబడేలా ఇంకో మాట కూడా చెప్పింది: "నీకు ఎవ్వలేం చెప్పినా విను బిడ్డా, గీ మామ చెప్పింది మాత్రం వినకు."

ఆ తొట్టె సాక్షిగా గంభీరంగా శపథం చేశాను: జనం ముందు ఇక ఏ శపథమూ చేయను. వైర్ల గురించి మాత్రం ఏ శపథమూ చేయలేదు. వరుసగా ఉంటేనే వాటికి అందం. తప్పు ఇంజనుది.